థెరపీకి దూరం, నిధులకు దగ్గర.. బసంత్‌నగర్ లాంటి ఊళ్లలో ఆటిజం పిల్లలకు ఏం దొరుకుతోంది? ఏం దొరకాలి?

పెద్దపల్లి: ఏటా ఏప్రిల్ 2 వస్తే చాలు.. నీలం రంగు లైట్లు, ర్యాలీలు, అవగాహన సదస్సులు. ప్రపంచ ఆటిజం అవగాహన దినం కావడంతో ఆ ఒక్కరోజు ఆటిజం గురించి అందరూ మాట్లాడతారు. మరి మిగతా 364 రోజులు? రాజీవ్ రహదారి పక్కన ఉన్న బసంత్‌నగర్‌లో మూడేళ్ల బాబుకు మాటలు రాకపోతే ఆ తల్లి ఎక్కడికి వెళ్లాలి? వారానికి ఎన్నిసార్లు వెళ్లాలి? ఎవరు తీసుకెళ్లాలి? అసలు సమస్య ఇక్కడే ఉంది.

చట్టం ఉంది. కార్డు ఉంది. పెన్షన్ ఉంది. గనుల మీద వచ్చే నిధుల్లో దివ్యాంగుల సంక్షేమానికి చోటు కూడా ఉంది. ఎటొచ్చీ వారం వారం పిల్లాడి ముందు కూర్చుని పని చేయించే మనిషే అందుబాటులో ఉండాలి. కోల్‌బెల్ట్‌లో ఈ పిల్లల కథ మొత్తం ఆ ఒక్క మనిషి చుట్టూనే తిరుగుతోంది.

ఎంతమంది పిల్లలు ఉంటారు?

ఆటిజం చాలా అరుదు అనుకునే రోజులు పోయాయి. ప్రపంచవ్యాప్తంగా సుమారు వంద మంది పిల్లల్లో ఒకరికి ఆటిజం ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చింది. తర్వాతి అంచనాల్లో ఈ అంకె కొంచెం అటూ ఇటూ మారినా, చిన్న సమస్య మాత్రం కాదు. అబ్బాయిల్లో ఇది అమ్మాయిల కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువగా బయటపడుతోంది.

మన దేశంలో 2018లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 2 నుంచి 9 ఏళ్ల మధ్య ఉన్న 3,964 మంది పిల్లలను ఐదు చోట్ల పరీక్షించారు. ఆ ఐదింటిలో మన హైదరాబాద్ కూడా ఒకటి. ఆటిజం, బుద్ధి ఎదుగుదలలో లోపం, సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛ, వినికిడి లోపం, చదువులో ఇబ్బంది లాంటి తొమ్మిది సమస్యల్లో కనీసం ఒక్కటైనా సుమారు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి కనిపించింది. అంటే ఒక అంగన్‌వాడీలో పాతిక మంది పిల్లలుంటే, వాళ్లలో ఇద్దరు ముగ్గురి మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాల్సిందే.

గుర్తించే వ్యవస్థ ఉంది.. ఆ తర్వాతే చిక్కు

పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించడానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. జనం దీన్ని ఆర్‌బీఎస్‌కే అంటారు. డాక్టర్లతో కూడిన మొబైల్ టీమ్ అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఏడాదికి ఒకసారి రావాలి. ఈ టీమ్ చూడాల్సిన జబితాలో మాట ఆలస్యం, నడక ఆలస్యంతో పాటు ఆటిజం కూడా ఉంది. అనుమానం వస్తే పిల్లలను జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. దాన్నే డీఈఐసీ అంటారు.

2023 నవంబర్‌లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ కూడా విడుదల చేసింది. పిల్లాడిలో తేడా గమనించడం, తల్లిదండ్రులకు చెప్పడం, ఆశా, ఆర్‌బీఎస్‌కే టీమ్‌ల ద్వారా ముందుకు పంపడం అంగన్‌వాడీ టీచర్ పనిలో భాగమని అందులో ఉంది.

కాగితం మీద గొలుసు బాగానే ఉంది. అయితే ఏడాదికి రెండుసార్లు వచ్చే టీమ్‌కు ఒక్కో పిల్లాడి దగ్గర గడిపే టైమ్ నిమిషాల్లోనే ఉంటుంది. గుండెలో రంధ్రం స్టెతస్కోప్‌కు దొరుకుతుంది. గ్రహణం మొర్రి కంటికి కనిపిస్తుంది. ఆటిజం అలా కాదు. పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వేలితో చూపించి అడగకపోవడం.. ఇవి పిల్లాడితో కాసేపు ఆడితే తప్ప తెలియవు.

ఇంట్లో ఇంకో అడ్డంకి. "వాళ్ల నాయనకు గూడా మాటలు లేటుగనే వచ్చినయి, ఊకోండ్రి" అనే మాట ఎన్ని ఇళ్లలో వినిపిస్తుందో లెక్కలేదు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట మీద ఏడాది, రెండేళ్లు గడిచిపోతాయి. మెదడు వేగంగా ఎదిగే తొలి ఏళ్లలోనే థెరపీ ఫలితం ఎక్కువ. అందుకే ఆ రెండేళ్లు చాలా విలువైనవి.

సర్టిఫికెట్ ఎందుకు కీలకం?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉంటే, కొత్త చట్టం వాటిని 21కి పెంచింది. ఆటిజం, నేర్చుకోవడంలో లోపం లాంటివి ఇందులో చేరాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. పెద్దయ్యాక ఉద్యోగాల్లో దివ్యాంగులకు ఉన్న 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం కూడా ఉన్న విభాగానికి 1 శాతం.

తెలంగాణలో దివ్యాంగుల పెన్షన్ 2023 జులై నుంచి నెలకు 4,016 రూపాయలు. దానికీ, బస్సు పాసుకూ ఈ సర్టిఫికెట్టే ఆధారం. సదరం క్యాంపు పేరు పల్లెల్లో అందరికీ తెలిసిందే. ఇప్పుడు దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు కూడా ఉంది.

కాలు లేని మనిషికి శాతం లెక్క వేయడం ఒక రకం. ఆటిజానికి లెక్క వేయడం ఇంకో రకం. దీనికోసం మన దేశంలోనే తయారైన 40 ప్రశ్నల కొలత ఉంది. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ దాన్ని రూపొందించింది. పిల్లాడు మనుషులతో ఎలా ఉంటాడు, భావాలు ఎలా చూపిస్తాడు, మాట, ప్రవర్తన, శబ్దాలు, స్పర్శకు ఎలా స్పందిస్తాడు.. ఇలా ఆరు అంశాల్లో మార్కులు వేయాలి. దీన్ని చేయడానికి శిక్షణ పొందిన మనిషి కావాలి, టైమ్ కావాలి. క్యూలో వంద మంది నిలబడ్డ క్యాంపులో, గోలకు బెదిరిపోయి ఏడుస్తున్న నాలుగేళ్ల పిల్లాడికి ఇది సరిగ్గా చేయడం కష్టం. తక్కువ శాతం పడితే పెన్షన్ పోతుంది. తప్పు కేటగిరీలో పడితే స్కూల్లో అందాల్సిన సాయం మారిపోతుంది.

52 వారాలు.. ఎన్ని కిలోమీటర్లు?

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఆటిజానికి మాత్ర లేదు, ఆపరేషన్ లేదు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ప్రవర్తన మీద పని, స్పెషల్ ఎడ్యుకేషన్.. ఇవే దారి. ఇవన్నీ నెలలు, ఏళ్ల తరబడి ఆపకుండా సాగాలి.

ఈ రంగంలో పేరున్న ప్రభుత్వ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది. 1984లో మొదలైన ఆ సంస్థకు ఇప్పుడు నీపిడ్ అని పేరు. మంచి సంస్థే. కానీ బసంత్‌నగర్ నుంచి 200 కిలోమీటర్లకు పైగా దూరం. వారానికి ఒక్కసారి వెళ్లొచ్చినా ఏడాదికి 20 వేల కిలోమీటర్లు దాటుతుంది. పోనీ కరీంనగర్ అనుకుంటే? పోవడానికి సుమారు 50, రావడానికి 50. వారానికి ఒక్క సెషన్ అయినా ఏడాదికి 5 వేల కిలోమీటర్ల పైమాటే. చాలామంది పిల్లలకు వారానికి ఒక్క సెషన్ సరిపోదు.

2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఫ్రీ. తల్లి టికెట్ ఖర్చు తప్పింది, అది నిజమైన ఊరటే. అయితే ఒక రోజు కూలి పోవడం ఆగలేదు. కిక్కిరిసిన బస్సులో హారన్ మోతకు చెవులు మూసుకుని కేకలు పెట్టే పిల్లాడిని పట్టుకుని గంటన్నర కూర్చోవడం, చుట్టూ ఉన్నవాళ్ల చూపులు, "ఏం పెంపకమమ్మా" అనే మాటలు.. వీటికి ఫ్రీ టికెట్ మందు కాదు. మూడు నెలలు తిరిగి ఆపేసే కుటుంబాలకు పట్టుదల లేదనుకుంటే పొరపాటు. వాళ్లను ఆపేది దూరం.

తండ్రి పరిస్థితి ఇంకో తీరు. సింగరేణిలో ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ మారుతూనే ఉంటాయి. పొద్దున ఏడింటికి గనిలో దిగే మనిషి పదింటికి థెరపీ సెంటర్‌లో ఉండలేడు. రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషికి నిద్ర కావాలి. భారం చివరికి తల్లి మీదే పడుతుంది. ఆమె పని మానేస్తుంది. ఇంటి ఆదాయం తగ్గే టైమ్‌లోనే ఖర్చు పెరుగుతుంది.

పర్మినెంట్, కాంట్రాక్ట్.. పిల్లాడికీ తేడానా?

ఈ ప్రాంతంలో సింగరేణి ఉంది, ఎన్టీపీసీ ఉంది, ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, బసంత్‌నగర్‌లో కేశోరాం పేరుతో జనానికి తెలిసిన సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది. పెద్ద కంపెనీల్లో పర్మినెంట్ ఉద్యోగి కుటుంబానికి కంపెనీ ఆసుపత్రి, అక్కడ కాకపోతే పెద్దాసుపత్రికి రిఫరల్ ఉంటాయి. అదే గేటు లోపల కాంట్రాక్టర్ కింద పనిచేసే మనిషికి ఆ ధీమా ఉండదు. చుట్టుపక్కల ఊళ్ల రైతు కూలీలు, ఆటో డ్రైవర్లకు అసలే ఉండదు.

చెప్పాలంటే రిఫరల్ ఉన్నవాళ్లకూ పూర్తి పరిష్కారం లేదు. కంపెనీ వైద్యం జబ్బు వస్తే చూసి, నయం చేసి పంపే పద్ధతిలో నడుస్తుంది. ఏళ్ల తరబడి వారానికి రెండు గంటలు కావాల్సిన సాయం ఆ లెక్కలో సరిగ్గా ఇమడదు.

బడిలో ఎవరున్నారు?

సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలు ఈ పిల్లలకు పెద్ద ఆసరా. ఐఈఆర్‌పీలు అని పిలిచే రిసోర్స్ పర్సన్లు అక్కడ పాఠాలు చెబుతారు, ఫిజియోథెరపీ క్యాంపులు ఉంటాయి. కదల్లేని పిల్లల ఇంటికే వెళ్లి నేర్పే పద్ధతి కూడా ఉంది. అయితే ఈ రిసోర్స్ పర్సన్లు ఏళ్లుగా కాంట్రాక్ట్ పద్ధతిలోనే ఉన్నారు. 2024 డిసెంబర్‌లో సమగ్ర శిక్ష ఉద్యోగులు రెగ్యులరైజేషన్ కోసం సమ్మెకు దిగిన సంగతి తెలిసిందే. రోజూ ఒకే ముఖం, ఒకే పద్ధతి కావాలనుకునే పిల్లలకు టీచర్ దూరమైతే మళ్లీ మొదటికే వస్తుంది.

2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో స్పెషల్ టీచర్ల పోస్టులపై స్పష్టమైన తీర్పు ఇచ్చింది. 2022లో కేంద్రం నోటిఫై చేసిన లెక్క ప్రకారం ప్రైమరీలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలి. పోస్టులు మంజూరు చేసి ప్రకటించండని 2025 మార్చి 7న సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో స్పెషల్ ఎడ్యుకేషన్ కోటా స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు 796. అంటే 1,016 పోస్టులు. ఇది మంచి మలుపే. కానీ రాష్ట్రంలోని వేల సర్కారు బడుల మీద పంచి చూస్తే ఒక్కో టీచర్ ఎన్ని ఊళ్లు చూడాలో అర్థమవుతుంది.

డబ్బు లేదా? ఉంది.. దారే మారాలి

కోల్‌బెల్ట్ విషయంలో ఇదే అసలు పాయింట్. మిగతా జిల్లాల్లా ఇక్కడ "నిధుల్లేవు" అనే మాట అంత తేలిగ్గా చెల్లదు.

2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి తెచ్చారు. డీఎంఎఫ్‌టీ అంటే ఇదే. గనులు తవ్వే సంస్థలు రాయల్టీకి అదనంగా పాత లీజులపై రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వచ్చిన లీజులపై 10 శాతం ఈ నిధికి కట్టాలి. బొగ్గు మీదా వస్తుంది, సిమెంట్ కోసం తవ్వే సున్నపురాయి మీదా వస్తుంది. గనుల వల్ల దుమ్ము, శబ్దం, భూముల నష్టం భరించే జనం బాగు కోసమే ఈ డబ్బు.

ఖర్చు ఎలా పెట్టాలో ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ్ యోజన చెబుతుంది. 2024 జనవరిలో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కనీసం 70 శాతం నిధులు అధిక ప్రాధాన్య రంగాలకే పోవాలి. ఆ రంగాల్లో తాగునీరు, వైద్యం, విద్యతో పాటు వృద్ధులు, దివ్యాంగుల సంక్షేమం అని విడిగా రాసి ఉంది.

రెండోది సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఏయే పనులకు పెట్టొచ్చో చెప్పే జాబితాలో స్పెషల్ ఎడ్యుకేషన్ అనే మాట నేరుగా ఉంది. రోడ్డు, కమ్యూనిటీ హాల్, వాటర్ ప్లాంట్‌కు పెట్టినట్టే థెరపిస్ట్ జీతానికి పెట్టడానికీ చట్టంలో దారి ఉంది.

మరి ఎందుకు జరగదు? కారణం ఊహించడం కష్టమేమీ కాదు. భవనానికి శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. థెరపిస్ట్ జీతానికి ఇవేవీ ఉండవు. పైగా అది ఒక్కసారి పెట్టే ఖర్చు కాదు, ఏటా పెట్టాలి. అధికారులకూ అదే భయం.. వచ్చే ఏడాది నిధి రాకపోతే ఎవరు ఇస్తారు? ఈ భయం న్యాయమైనదే. అందుకే కనీసం మూడేళ్లకు ముందే ఒప్పందం రాసుకుని, మొదలుపెట్టాక మధ్యలో ఆపకుండా చూడటం ముఖ్యం.

చేయగలిగింది ఏంటి?

బసంత్‌నగర్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో గోదావరిఖని ఉంది. సింగరేణి నిధుల తోడ్పాటుతో రామగుండం మెడికల్ కాలేజీ 2022లో మొదలైంది. సిమ్స్ అని పిలిచే ఈ కాలేజీకి పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం, చెవి-ముక్కు-గొంతు విభాగం తప్పనిసరి. నిర్ధారణకు, వినికిడి పరీక్షకు, సర్టిఫికెట్‌కు కావాల్సిన డాక్టర్లను ఒకే చోట, వారంలో ఒక నిర్ణీత రోజున కూర్చోబెడితే తల్లి మూడు ఊళ్లు తిరగాల్సిన పని తప్పుతుంది. ఆ రోజు ఏదో అందరికీ తెలియాలి, మారకూడదు.

అక్కడి నుంచి థెరపీ ఊళ్లకు రావాలి. తమిళనాడు ఇదే దారి పట్టింది. 'రైట్స్' ప్రాజెక్టు కింద 'విళుదుగళ్' పేరుతో కింది స్థాయిలోనే సేవా కేంద్రాలు తెరిచింది. కేంద్రం దాకా రాలేని వాళ్ల కోసం థెరపీ వాహనాలు పంపుతోంది. డబ్బు ప్రపంచ బ్యాంకు అప్పు రూపంలో వచ్చింది. కోల్‌బెల్ట్‌కు ఆ అప్పు కూడా అక్కర్లేదు, ఖనిజ నిధి ఉంది.

స్పీచ్ థెరపిస్టులు ఇంత దూరం రారన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, కొరత ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చే పద్ధతిని ముందుకు తెచ్చింది. అన్నం తినిపించేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, ఆడించేటప్పుడు పిల్లాడితో మాట ఎలా రాబట్టాలో తల్లికి నేర్పిస్తారు. థెరపిస్ట్ వారానికి ఒక రోజు వచ్చినా మిగతా ఆరు రోజులు ఇంట్లో పని సాగుతుంది. అయితే ఇది థెరపిస్ట్‌కు తోడు మాత్రమే, బదులు కాదు. ఆ పేరుతో మొత్తం భారం మళ్లీ అమ్మ మీదే వేయకూడదు.

తల్లిదండ్రులు ఇప్పుడే గమనించాల్సినవి

ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నరకు కూడా వేలితో చూపించకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పలేకపోవడం, వచ్చిన మాటలు పోవడం.. వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. అంగన్‌వాడీ టీచర్‌ను, ఆర్‌బీఎస్‌కే టీమ్‌ను అడిగి రిఫరల్ చీటీ రాయించుకోవాలి. ఫోన్, టీవీ తగ్గించి ఎదురుగా కూర్చుని మాట్లాడటం, ఆడించడం ఆ రోజు నుంచే మొదలుపెట్టొచ్చు.

సర్టిఫికెట్ వచ్చాక నేషనల్ ట్రస్ట్ కింద ఉన్న 'నిరామయ' బీమా గురించి అడగాలి. ఏడాదికి లక్ష రూపాయల వరకు కవరేజీ, అందులో కొంత మేర ఓపీ థెరపీకి కూడా వాడుకోవచ్చు. పిల్లాడికి 18 నిండాక అవసరమైతే చట్టబద్ధమైన సంరక్షకుడిని నియమించేది కూడా ఈ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీయే.

'స్టెమ్ సెల్‌తో ఆటిజం మాయం' అనే ప్రకటనలను నమ్మి పొలం అమ్ముకోవద్దు. ఆటిజానికి అది చికిత్సగా సిఫార్సు చేయదగింది కాదని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022లోనే చెప్పింది. థెరపిస్ట్ దగ్గరికి వెళ్లేముందు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడం తల్లిదండ్రుల హక్కు.

ఇక తేల్చాల్సింది ఎవరు?

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఖనిజ నిధి పాలక మండలికి అధ్యక్షుడు కలెక్టర్. నేషనల్ ట్రస్ట్ స్థానిక కమిటీకీ కలెక్టరే. అంటే డబ్బు ఫైలు, పిల్లల ఫైలు వచ్చేది ఒకే టేబుల్ మీదికి. ఆ రెండు ఫైళ్లను కలిపి చూడమని అడగాల్సింది గ్రామసభలు, కార్మిక సంఘాలు, తల్లిదండ్రులు. సింగరేణిలో బోనస్, లాభాల వాటా కోసం గట్టిగా గొంతెత్తే యూనియన్ల డిమాండ్ల జాబితాలో ఇదొక్క లైను చేరితే, అందులో కాంట్రాక్ట్ కార్మికుల పిల్లలనూ కలిపితే సగం పని అయినట్టే.

వచ్చే ఏప్రిల్ 2న సదస్సు పెట్టే వారిని జనం అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఈ ఏడాది ఆర్‌బీఎస్‌కే టీమ్ ఎంతమంది పిల్లలను గుర్తించింది? వారిలో ఎంతమందికి థెరపీ మొదలైంది? మొదలైన వారిలో ఆరు నెలల తర్వాత కూడా ఎంతమంది కొనసాగుతున్నారు? మూడో అంకె పెరిగితేనే బసంత్‌నగర్ పిల్లలకు సాయం అందినట్టు.